కల్వర్టు కాడి ఒంటికన్ను

పెద్దమందడి దాటినాక హైవే వైపు ఒక బైపాస్ రోడ్డు మొదలుపెట్టి సగంలోనే వదిలేశారు. ఉన్నంత మేర మాత్రం దారం పట్టి గీసినట్టు తిన్నగా ఉంటుంది. చివర ఒక కల్వర్టు, దాని అవతల మట్టి దిబ్బ, దిబ్బ మీదుగా హైవేకు కాలిబాట. పగలు ఆ తారు మీద రైతులు పల్లీలు ఆరబోసుకుంటారు. పొద్దు గూకిందా... ఒక్క మనిషి ఉండడు.

అక్కడ ఒంటికన్ను దెయ్యం తిరుగుతుందని చుట్టుపక్కల ఏ ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు.

చూసినవాళ్లలో కూరగాయలమ్మే రుక్కమ్మ ఒకతి. చీకట్లో, మనిషి నడుముకంటే కింద, ఒక్కటే కన్ను... తెల్లగా మండుతూ... గుర్రుమని రొద చేస్తూ దూసుకొచ్చి, కల్వర్టు దాటగానే టక్కున ఆరిపోయిందట. తెల్లారి నలుగురు మగాళ్లు కలిసి పోయి చూస్తే రోడ్డుకు అడ్డంగా తెల్ల గీత, నల్లగా కాలిన చారలు, మండు వేసవిలో తారు పక్కన తడి. గీత చేతబడి అన్నారు. చారలు దెయ్యం కాళ్లీడ్చిన గుర్తులన్నారు. తడి ఏమిటో చెప్పడానికి మాత్రం ఎవరికీ నోరు రాలేదు.

అంతటితో ఆగినా బాగుండేది. ఆ దెయ్యానికి పేరు కూడా పెట్టారు. స్టీఫెన్ అని.

ఆ మాట వింటే ఏసురత్నానికి అరికాలి మంట నెత్తికెక్కేది. స్టీఫెన్ అతని సొంత తమ్ముడు మరి.

నిరుడు స్టీఫెన్ ఇటిక్యాల దిక్కు సీడుపత్తి చేలలో క్రాసింగ్ పనికి పోయాడు. పువ్వు పువ్వుకూ చేత్తో పుప్పొడి అద్దే పని. పదిహేను రోజులు చేసి, ఒక రాత్రి హైవే మీద బస్సు దిగి, దిబ్బ ఎక్కి దిగి, ఆ రోడ్డు మీద ఇంటికి నడిచొస్తుంటే ఏదో బండి గుద్దేసి పోయింది. తెల్లవారి తమ్ముణ్ణి ఎత్తుకున్నది రత్నమే. ముఖంలో ఒక కన్ను లేదు. ఇక ఊరికి కావలసిన కథ దొరికిపోయింది.

గుర్తు తెలియని వాహనం అని పోలీసులు రాసుకున్నారు. ఇసుక టిప్పరే అని రత్నం తీర్మానించుకున్నాడు. చౌరస్తాలో అతనిది మెకానిక్ షెడ్డు. ఆనాటి నుంచి ఒక్క టిప్పర్‌కూ బోల్టు బిగించలేదు, వచ్చిన ప్రతి డ్రైవర్నీ నోటికొచ్చినట్టు తిట్టి వెళ్లగొట్టాడు. తమ్ముడి రక్తం చూసిన ఆ రోడ్డు వైపు మాత్రం మళ్లీ అడుగు పెట్టలేకపోయాడు.

ఏడాది తిరిగింది. ఆదివారం ఇంటి దగ్గర జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నారు. పాస్టర్ ప్రార్థన, ఆ తర్వాత నలుగురికీ భోజనం. శనివారం సాయంత్రం జంగయ్య షెడ్డు దగ్గరికి వచ్చి, గడప బయటే నిలబడ్డాడు. స్టీఫెన్‌తో కలిసి పదేళ్లు పనులకు పోయినవాడు.

"రత్నమన్నా... ఏమనుకోకు. రేపు మేము రాలేం. ఇంట్ల పసిపిల్లలున్నరు. స్టీఫెన్ ఇంకా తిరుగుతుండంటున్నరు... గసుంటి ఇంట్ల అన్నం ముడితే..."

"ఒక్క తలెల తిన్నరు గదరా మీరిద్దరు!" రత్నం చేతిలోని స్పానర్ నేలకేసి కొట్టాడు. "వాడు తిరుగుతుండని నువ్వు సూసినవా?"

"నేను సూడలే. రుక్కమ్మ సూసింది."

జంగయ్య ఒక్కడే కాదు. పిలుపు అందుకున్నవాళ్లలో సగం మంది చీకటి పడేలోపు ఏదో ఒక సాకు పంపారు. కుండకు మూకుడు పెట్టొచ్చు, ఊరి నోటికి ఏ మూకుడు పెడతాం? బతికున్నన్నాళ్లూ ఎవరి ఇంట్లో చావైనా గుంత తవ్వడానికి ముందు పోయినవాడు స్టీఫెన్. చచ్చాక వాడి పేరు మీద పెట్టే ముద్ద ఎవరికీ పనికిరాకుండా పోయింది. చెప్పుకోవడానికే సిగ్గుచేటు.

అంతకంటే లోతు గాయం ఇంట్లో ఉంది. తల్లి ఎస్తేరమ్మ ఆ సాయంత్రమే పాస్టర్‌ను ఆపి అడిగింది.

"అయ్యగారూ... నా బిడ్డ ప్రభువు కాడ ఉన్నడా, ఆ కల్వర్టు కాడ ఉన్నడా? నాకు ఒక్క మాట చెప్పుండ్రి."

పాస్టర్ వాక్యం చదివి వినిపించాడు. ప్రార్థన చేశాడు. ఆమె అంతా విని, కళ్లు తుడుచుకుని, మళ్లీ అదే మాట అడిగింది.

అప్పుడు లేచాడు రత్నం. "అమ్మా, నేను పోతున్న. ఈ రాత్రి ఆ కల్వర్టు మీదనే కూసుంట. దెయ్యమే ఉంటే నన్ను తిననీ. లేకపోతే రేపు పొద్దుగాల ఒక్కొక్కని ఇంటి ముందర నిలవడి చెప్త."

"వద్దు బిడ్డా..." అందామె, వినపడీ వినపడకుండా. "ఉన్న ఒక్కనివి..."

అప్పటికే అతను వాకిలి దాటాడు.

పదిన్నర అయింది. చంద్రుడు లేడు. చేతిలో టార్చి, నడుముకు దోపుకున్న పెద్ద స్పానర్. తారు రోడ్డు మొదట్లో ఒక్క క్షణం ఆగి, అడుగు పెట్టాడు. తమ్ముడి చెప్పు దొరికిన చోటు... దాటాడు. రక్తం ఎండిన చోటు... కళ్లు మూసుకుని దాటాడు. చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం.

టార్చి వెలుగులో తెల్ల గీత కనిపించింది.

వంగి, వేలితో రాసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

సున్నం. ఉత్త సున్నం!

నల్ల చారల మీద అరచెయ్యి వేశాడు. రబ్బరు. నిలబడ్డ చోటే చక్రం గిర్రున తిరిగితే పడే చారలు. రోడ్డు పక్క తుమ్మ చెట్టు కింద తడి గోనెసంచి ఒకటి, అందులో కరిగీ కరగని మంచు ముక్కలు, ఎవరో ముందే తెచ్చి దాచినట్టు. దెయ్యాలు మంచుగడ్డలు మోసుకొస్తాయా?

ఆ గోనెసంచి ఏమిటో రత్నానికి ఎవరూ చెప్పక్కర్లేదు. అతను నేర్పిన విద్యే అది.

తక్కువ ఖర్చులో బండిని ఉరికించాలంటే రత్నం షెడ్డే అని ఈ జిల్లాలో కార్ల పిచ్చోళ్లందరికీ తెలుసు. నిరుడు వనపర్తి నుంచి సాయితేజ అనే కుర్రాడు పాత చిన్న కారొకటి తెచ్చి, "అన్నా, నాలుగు వందల మీటర్ల పందెం. ఇంజన్ మార్చే తాహతు లేదు. జర నువ్వే సూడాలె" అని బతిమాలాడు. రత్నానికి పొగిడితే చాలు, పూనకం వస్తుంది. వెనక సీట్లు పీకించాడు, స్టెప్నీ, జాకీ దింపించాడు. బరువు దిగితే ఇంజన్‌కు బలం ఎక్కినట్టే అన్నాడు. పెట్రోల్ పావు ట్యాంకు మించొద్దన్నాడు. ముందు టైర్లలో గాలి కొంచెం తగ్గిస్తే రోడ్డును పట్టుకుంటాయని, పరుగుకూ పరుగుకూ మధ్య బానెట్ మీద మంచు గోనె వేస్తే ఇంజన్ చల్లబడి మళ్లీ ఊపందుకుంటుందని చెప్పాడు.

పందెం ఎక్కడ అని మాత్రం అడగలేదు. హైదరాబాద్ దగ్గర ఏదో ట్రాక్ అనుకున్నాడు. అనుకోవడం సుళువు కదా.

అంటే... వీళ్లా! తన తమ్ముడు చచ్చిన చోట సున్నం గీతలు గీసుకుని ఆడుతున్నారా! రత్నం ఒళ్లంతా నిప్పయింది. ఈ పోకిరీ గుర్తుల్ని చూపించి ఊరు తన తమ్ముణ్ణి దెయ్యం చేసింది. ఈ చారల వల్ల తన తల్లి ఏడాదిగా సరిగ్గా నిద్రపోలేదు. టార్చి ఆర్పేశాడు. కల్వర్టు గోడ మీద కూర్చుని, స్పానర్ చేతిలోకి తీసుకున్నాడు. రానీ.

ఎంతసేపు గడిచిందో...

దూరంగా గుర్రుమన్న రొద.

చీకట్లో ఒక కన్ను తెరుచుకుంది.

ఒక్కటే కన్ను. తెల్లగా. నడుముకంటే కింద. రుక్కమ్మ చెప్పింది చెప్పినట్టుగా. రత్నం మెకానిక్ బుర్ర వెంటనే లెక్క తేల్చేసింది — ఒక లైటు అంటే మోటర్ సైకిల్. ఈ ఊళ్లలో రాత్రిపూట నడిచే ఎవరికైనా తెలిసిన సంగతే. రెండు లైట్లయితే రోడ్డు దిగుతాం. ఒక లైటయితే ఒక్క అడుగు పక్కకు జరిగితే చాలు.

రోడ్డు అంచుకు వచ్చి, స్పానర్ ఎత్తి, "ఆగురా!" అని అరిచాడు. ఆగలేదు. ఒక్క అడుగు పక్కకు జరిగాడు.

వెలుగు అక్కడ, తారు మధ్యలో పోతోంది. దెబ్బ మాత్రం... ఇక్కడ తగిలింది. వెలుగుకు రెండు మూరల ఇవతల... ఏమీ లేని చీకట్లోంచి. ఏదో బరువైనది తొడను రాసుకుంటూ పోయి, అతణ్ణి గిర్రున తిప్పి రోడ్డు పక్క గుంతలో పడేసింది.

కన్ను టక్కున ఆరిపోయింది.

గుంతలో పడ్డ రత్నానికి ఆ ఒక్క క్షణం నిజంగానే అనిపించింది. పెదవులు వాటంతట అవే కదిలాయి. "స్టీఫెన్... నువ్వేనారా?"

ఆగిన ఇంజన్ చల్లబడుతూ టిక్... టిక్... అన్న చప్పుడు మాత్రం వినిపించింది. ఇరవై ఏళ్లుగా విన్న చప్పుడు. దెయ్యానికి ఇంజన్ ఉండదు.

లేచాడు. కాలు ఈడ్చుకుంటూ, నుదుటి రక్తం ఒక కన్ను మీదికి కారుతుంటే, అలాగే నడిచాడు. చీకట్లో కారు. డ్రైవర్ పక్క తలుపు తెరుచుకుంది. దిగినవాడు చేతిలో ఫోన్ వెలుగు ఇటు తిప్పాడు... తిప్పి, గొంతు చీలిపోయేలా కేక పెట్టాడు.

అన్నదమ్ములిద్దరిదీ ఒకే పోలిక.

"స్టీఫెనన్నా... నీ కాల్మొక్త... నేను కావాలని గుద్దలే! నువ్వు కనవడలేదే... చీకట్ల కనవడలేదే... నన్నిడిచిపెట్టు..."

సాయితేజ. మోకాళ్ల మీద పడి, రెండు చేతులూ జోడించి.

రత్నం వాడి కాలర్ పట్టుకుని పైకి లేపాడు. "స్టీఫెన్ గాదురా... నేను వాని అన్నను. మళ్లొకసారి చెప్పు. ఎవడు గుద్దిండు?"

వాడి నోటి నుంచి ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఆ రాత్రి ఏదో తగిలింది. ఆగి చూస్తే మనిషి. భయమై పారిపోయారు. మళ్లీ ఎవరూ ఆ దిక్కు రాకుండా ఉండాలని, చౌరస్తా హోటల్లో కూర్చుని దెయ్యం మాట పుట్టించిందీ వాళ్లే. పేరుతో సహా.

"మా అమ్మ ఏడాది సంది ఏడుస్తుందిరా! చంపింది సాలక, వాన్ని దెయ్యం జేస్తరా?" స్పానర్ పైకి లేచింది. ఒక్క దెబ్బ. ఒక్క దెబ్బతో అంతా తీరిపోయేది.

వాడు చేతులు అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. "రత్నమన్నా... ఒక్క లైటు సాలదా అని నువ్వే అన్నవ్ గదే..."

స్పానర్ గాల్లోనే ఆగింది.

కింద పడ్డ ఫోన్ వెలుగు కారు ముందు భాగం మీద పడుతోంది. కుడి పక్క లైటు ఉంది. ఎడమ పక్క గుండ్రటి బొక్క... బొక్కలో నల్లటి గాలిపైపు, రాగి తీగతో మూడు చుట్లు చుట్టి, ముడి లోపలికి మడిచి. ఆ ముడి వేసే చెయ్యి ఈ జిల్లాలో ఒక్కటే.

ఇంజన్‌కు సూటిగా చల్లగాలి తగలాలంటే అంతకంటే చవకైన ఉపాయం లేదు. లైటు పీకెయ్, పైపు పెట్టెయ్. తమ్ముడు ఇంకా బతికున్న ఆ రోజు సాయితేజ కొంచెం నసిగాడు కూడా. "రాత్రిపూట ఎట్లన్నా?" అన్నాడు. రత్నం నవ్వి, "ఒక్క లైటు సాలదారా నీకు?" అన్నాడు.

పనులు ముగించుకుని వస్తున్న స్టీఫెన్‌కు దూరంగా ఒక లైటు కనిపించి ఉంటుంది. మోటర్ సైకిలే అనుకుని ఒక్క అడుగు పక్కకు జరిగి ఉంటాడు.

రత్నం కారు తాళం లాక్కున్నాడు. "పొద్దుగాల స్టేషన్‌కు నడువు. నేనూ వస్త. మనిద్దరం పోవాలె," అన్నాడు. ఏడాదిగా టిప్పర్ల మీద, ఊరి మీద కక్కిన కోపానికి ఇప్పుడు పోవడానికి చోటు లేదు.

కుంటుకుంటూ ఇల్లు చేరేసరికి కరెంటు లేదు. వసారాలో, బ్యాటరీకి తగిలించిన లైటు కింద, ఎస్తేరమ్మ చాటలో బియ్యం ఏరుతూ కూర్చుంది. ఎవరొచ్చినా రాకున్నా అన్నం వండాల్సిందే అనుకుంది కాబోలు. కొడుకును చూసి చాట పక్కన పెట్టింది.

"కనవడ్డదా?" గుసగుసగా అడిగింది.

"కనవడ్డది."

"మనోడేనా బిడ్డా...?"

"కాదమ్మా. మనోడు ఆడ లేడు. అది కారు. వనపర్తి పోరగాళ్లు పందేలాడుతున్నరు. వాళ్లే... మనోన్ని గుద్దింది గూడ వాళ్లే."

ఆమె రెండు చేతులూ పైకెత్తింది. "స్తోత్రం తండ్రీ... నా బిడ్డ నీ కాడనే ఉన్నడు..." ఏడ్చింది, ఏడాదిలో మొదటిసారి నవ్వుతూ ఏడ్చింది. కొంగుతో కొడుకు నుదుటి రక్తం తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ ఆగింది.

"మరి కారుకు రెండు లైట్లుంటయి గదరా. ఒంటికన్ను అంటిరి... రెండోది ఏమైంది?"

రత్నం తల పైకెత్తాడు. పనికొచ్చే సామాను పారేయడం అతనికి చేతకాదు. పీకిన లైటును ఆ రోజే ఇంటికి తెచ్చి, కరెంటు పోతే అమ్మకు అక్కరకొస్తుందని వసారా దూలానికి కట్టాడు.

చెయ్యెత్తి, ఆమె నెత్తి మీద వెలుగుతున్నదాన్ని చూపించాడు.