తలపాగా దులిపేవాడు

గుమ్మం ముందు వానలో నిలబడ్డ మనిషిని చూసి అనసూర్య చీపురు తిరగేసింది.

"మల్ల వచ్చినవా? ఈసారి మగ్గమే ఎత్తుకపోతవా?"

"నేసెటందుకు వచ్చిన," అన్నాడు సాంబయ్య.

సాలెల పిల్లవాడే. కానీ తండ్రి తొందరగా పోవడంతో మగ్గం నేర్పేవాళ్లు లేకపోయారు. మొదటిసారి జైలుకెళ్తే రాళ్లు కొట్టడం నేర్పారు. సిద్దిపేటలో ఆ చదువుకు గిరాకీ లేదు. బయటికొచ్చి ఈ ఇంట్లోనే నూలు దొంగిలించాడు. రెండోసారి వెళ్లేసరికి ఎవరో పుణ్యాత్ముడు జైల్లో మగ్గాలు వేయించి, నేతతో పాటు అక్షరాలూ చెప్పిస్తున్నాడు. అలా కులవిద్య సర్కారు ఖర్చు మీద వచ్చింది.

యుద్ధం రోజులు. నూలు దొరకడమే గగనం. దగ్గుతో మూలపడ్డ అనసూర్య తండ్రి రాజమల్లయ్య, వేరే దారి లేక మగ్గం అప్పగించాడు.

రోజూ పని దిగాక సాంబయ్య గుమ్మంలో ఆగి, తలపాగా విప్పి దులిపి, చేతులు చాచి నిలబడేవాడు. జైల్లో తనిఖీ అలాగేనట.

"ఏం రాలుతయ్, పేన్లా?" అనేది అనసూర్య.

అతను నవ్వేవాడు. ఆ నవ్వు కోసమే ఆమె రోజూ అదే మాట అంటోందని మగ్గానికి కూడా తెలుసు.

ముసురు పట్టిన ఓ సాయంత్రం, చుట్టి పెట్టిన నూలు చిలప ఒకటి కనబడలేదు. రాజమల్లయ్య సాంబయ్య వైపు చూశాడు. అనసూర్యా చూసింది. సాంబయ్య తలపాగా విప్పి దులిపాడు. ఏమీ రాలలేదు. మళ్లీ చుట్టుకోకుండానే వెళ్లిపోయాడు.

పొద్దున మగ్గం గుంటలో, వాననీళ్లలో నానుతూ చిలప దొరికింది. మనిషి మాత్రం రాలేదు.

వెతగ్గా వెతగ్గా అనసూర్యకు ఠాణా అరుగు మీద కనబడ్డాడు.

"గీడేం చేస్తున్నవ్?"

"ఎట్లయిన పోలీసులు వస్తరు గద. నీ ముంగట పట్టుకపోవుడెందుకని, నేనే వచ్చి కూసున్న."

అనసూర్య అతని చెయ్యి పట్టి లాగింది.

"నూలు దొరికింది. లే."

"రేపు మల్ల పోతది. మల్ల నా దిక్కే చూస్తరు."

"ఇంటల్లుడుండంగ నూలు పోతే దొంగలంటరా? ఎలుకలంటరు."

సాంబయ్య తలెత్తాడు. "బాపు ఏమంటడు?"

"తోల్కరమ్మన్నడు. అల్లుడన్న మాట నాది. ఇంటికి పోయినంక ఒప్పించాలె."

ఇంటి గుమ్మంలో అతను అలవాటుగా ఆగి, చేతులు చాచాడు.

అనసూర్య అతని భుజం మీది తడి పాగా తీసి, వంకరగా తలకు చుట్టింది.

"లోపటికి నడు. జల్లు కొడ్తున్నది, మగ్గం తడుస్తది."