నాగలత రాసిన పన్నెండు రోజులు

కవరులోంచి తీసిన కాగితాలను సునంద మూడుసార్లు తిరగేసింది. ప్రేమ్‌సాగర్... సునంద... శ్రీనిజ... అంతే! వీసా కోసం హైదరాబాద్ రమ్మన్న పిలుపు భర్తకూ, తనకూ, చిన్నకూతురికీ... ముగ్గురికే వచ్చింది. నాలుగో కాగితం లేదు! కవరును తలకిందులు చేసి దులిపితే ఓ రంగుల కరపత్రం జారి నేల మీద పడింది. ఖమ్మంలో ఉన్న ఏదో ఆశ్రమానిది. 'నడవలేని వారికి, వృద్ధులకు రోజుల లెక్కన వసతి కలదు' అని ఉంది. దాని వెనకవైపు భర్త చేతిరాతలో రెండు తేదీలు. మే పదకొండు, మే ఇరవై రెండు... సరిగ్గా తామంతా విదేశాల్లో ఉండే పన్నెండు రోజులు!

సునంద గోడ పట్టుకుని అక్కడే చతికిలబడిపోయింది. లోపలి గదిలోంచి పెద్దకూతురు నాగలత గొంతు, ఒక్కో మాటనూ కష్టంగా కూడదీసుకుంటూ వినిపించింది.

"అమ్మా... వీసా డేట్... వచ్చిందా?"

"లేదు బిడ్డా... ఇంకా రాలే..."

ఆ అబద్ధం ఆడుతుంటే తన నాలుక తెగి పడినా బాగుండుననిపించింది ఆ తల్లికి!

నాగలతకు పంతొమ్మిదేళ్లు. పుట్టినప్పుడే మెదడుకు గాలి అందక కాళ్లూ, ఎడమచెయ్యీ స్వాధీనంలో లేకుండా పోయాయి. మాట ముద్దముద్దగా వస్తుంది, కొత్తవాళ్లకు అర్థం కాదు. కానీ ఆ పిల్ల బుర్ర ఎంత చురుకో! కొత్తగూడెంలో గని కార్మికుల క్వార్టర్లో, కిటికీ పక్క మంచం మీద కూర్చునే ఇంటర్ పాసయింది. పోయిన దసరాకు ఖమ్మం నుంచి మేనత్త యశోద వచ్చి, మన రెండు కుటుంబాలూ కలిసి వచ్చే ఎండాకాలం విదేశాలు చూసొద్దామన్న దగ్గర్నుంచీ ఆ పిల్లకు వేరే ధ్యాస లేదు. ఒక్క కుడిచేతి వేలితో ఫోన్లో నొక్కి నొక్కి, నెలల తరబడి కూర్చుని, పన్నెండు రోజుల ప్రయాణం మొత్తం రాసింది! జ్యూరిక్‌లో దిగాక ఏ ప్లాట్‌ఫారానికి పోవాలి, లూసర్న్ సరస్సులో పడవ ఎన్నింటికి, ఇంటర్‌లాకెన్ నుంచి ఏ కొండ మీదికి రైలు పోతుంది, ఇన్స్‌బ్రుక్ దగ్గర అడవిబాట ఎంతదూరం చదునుగా ఉంటుంది, ఎక్కడ లిఫ్టు ఉంది, చక్రాల కుర్చీ ఎక్కడిదాకా పోతుంది... యశోద ఆ ప్లాన్ తీసుకెళ్లి చూపిస్తే టూర్ ఆఫీసువాళ్లే నోరు తెరిచారట! ఇప్పుడు ఆ పిల్ల రాసిన దారినే అందరూ పోతున్నారు. రాసిన పిల్ల మాత్రం ఆశ్రమంలో...!

మొదటి షిఫ్టు ముగించుకుని సాయంత్రానికి ఇల్లు చేరాడు ప్రేమ్‌సాగర్. గనిలో ఫోర్‌మన్ అతను. బూట్లు విప్పకముందే ఆ కరపత్రాన్ని అతని ముఖం ముందు పెట్టింది సునంద.

"ఏందిది?"

అతని ముఖం నల్లబడింది. "మెల్లగ మాట్లాడు... అది వింటది."

"వినొద్దనేనా నాక్కూడ చెప్పకుండ దాచిండ్రు? దాని పేరేది? దాని కాగితమేది?"

"అందరితోని కలిసి పోయే టూర్ల వీల్‌చైర్ కుదరదన్నరు సునందా. కొండలెక్కుడు, పడవలెక్కుడు... దానికేమన్న అయితే?"

"అయితే ఎవ్వరం పోవద్దు!"

"మరి శ్రీనిజ ఏం పాపం చేసింది?" అన్నాడతను. "అక్క కదల్లేదని అది తొమ్మిదేండ్ల సంది యాడికన్న పోయిందా? ఒక్క పెండ్లికి పోయిందా? దానికి గూడ మనమే గద అమ్మానాన్నలం!"

 శ్రీనిజ కొత్త బూట్లు వేసుకుని అద్దం ముందు తిరిగిన తిరుగుడు సునంద కళ్లముందే ఉంది. అయినా... ఒక బిడ్డ నవ్వాలంటే ఇంకో బిడ్డను పారేసి పోవాలా!

"మీరు ఎత్తుకోండ్రి. నేను ఎత్తుకుంట. ఇద్దరం ఉన్నం గదా!"

"నాతోని కాదు," అన్నాడతను గోడవైపు తిరిగి. "దాన్ని ఎత్తుకునుడు... నాతోని కాదు."

ఆ మాటే సునంద గుండెలో గడ్డపారలా దిగింది. నిజమే! తొమ్మిదేళ్లుగా అతను నాగలతను చేతుల్లోకి తీసుకోలేదు. పిల్ల ఎదిగిందని మొహమాటమేమో అనుకుంది ఇన్నాళ్లూ. ఇప్పుడు తెలిసింది... అది మొహమాటం కాదు, విసుగు! కన్నబిడ్డ మీద విసుగు!

శనివారం యశోద వచ్చింది, శ్రీనిజను ఖమ్మం తీసుకుపోవడానికి. సోమవారం అక్కడినుంచే అందరూ కలిసి వీసాకు హైదరాబాద్ పోవాలని ఏర్పాటు.

"చూడు సునందా, నేను పరాయిదాన్నా చెప్పు? మంచుల దాన్ని ఎవరు మోస్తరు? నడిమిట్ల ఏమన్నయితే అందరం ఆగిపోవాలె. పన్నెండ్రోజులే గదా!"

"వదినా, అది రాసిన కాగితం పట్టుకునే గదా మీరు పోయేది!"

యశోద తల దించుకుంది. శ్రీనిజ బ్యాగు అందుకుని, పిల్లను వెంటబెట్టుకుని, నాగలత గదివైపు చూడకుండానే వెళ్లిపోయింది.

వారంరోజులుగా ఆ ఇంట్లో ఒక్కటే ప్రశ్న. అన్నం కలిపి పెడుతుంటే, "అమ్మా... డేట్ వచ్చిందా?" జడ వేస్తుంటే, "వచ్చిందా?" స్నానం చేయిస్తుంటే, "ఇంకా రాలేదా?" ప్రతిసారీ సునంద రాలేదనే చెప్పింది. చెప్పి వంటింట్లోకి పోయి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. భగవంతుడా, మా ఇద్దర్నీ ఒకేసారి తీసుకుపోరాదా అని కూడా అనుకుంది ఒక క్షణం...!

ఆదివారం ప్రేమ్‌సాగర్‌కు డ్యూటీ పడింది. అతను గడప దాటగానే సునంద ఒక నిర్ణయానికి వచ్చింది. ఇన్ని మాటలెందుకు? తనొక్కతే కూతురిని అడవిదారిలో నీళ్ల ఒడ్డుదాకా తీసుకుపోయి, క్షేమంగా తీసుకొస్తే? ఫోటోలు తీసి భర్త ముందు పెడితే? అప్పుడేమంటాడు!

"నాగా, కిన్నెరసాని డ్యాం కాడికి పోదం పా బిడ్డా. విదేశం పోయేముందు ప్రాక్టీసు!"

నాగలత తల్లి ముఖంలోకి చాలాసేపు చూసింది.  సరేనన్నట్లు తలూపింది.

పక్క వీధి కోటేష్ ఆటోలో కుర్చీ మడిచి పెట్టి బయల్దేరారు. పాల్వంచ దాటి అడవిలో పడ్డాక కూతురి ముఖం విప్పారింది. జనం ఎక్కువ ఉండే చోటు వద్దని, పక్కనున్న మట్టిబాటలో పొమ్మంది సునంద. "ఆటో ఇగ ముందటికి పోదక్కా," అని కోటేష్ రోడ్డు మీదే ఆగిపోయాడు. సునంద కుర్చీ తోసుకుంటూ బయల్దేరింది. ఎండ నిప్పులు చెరుగుతోంది. చెమటతో చేతులు జారిపోతున్నాయి. అయినా ఆమె ఆగలేదు. అదిగో, చెట్ల సందుల్లోంచి నీళ్లు మెరుస్తున్నాయి! ఇంకొంచెం... ఇంకొంచెం...

బాట ఒక్కసారిగా పల్లంలోకి దిగింది. ముందు చక్రం రాయికి తగిలి ఫట్‌మని విరిగింది. సునంద చేతుల్లోంచి కుర్చీ ఎగిరిపోయింది!

"నాగా...!"

పిల్ల బోర్లా పడిపోయింది. నుదురు చిట్లి రక్తం ధారగా కారుతోంది. సునంద కొంగు చింపి కట్టింది. లేవనెత్తబోయింది... సగం లేపి, ఇద్దరూ మళ్లీ కూలబడ్డారు. మళ్లీ ప్రయత్నించింది... మళ్లీ పడ్డారు. పంతొమ్మిదేళ్ల పిల్ల బరువు! ఫోన్లో సిగ్నల్ లేదు. "కోటేషూ!" అని గొంతు చీరిపోయేలా అరిచింది. అడవి పలకలేదు. చుట్టూ ఎండుటాకులు, మండే ఆకాశం... "నేనే చంపుకుంటి బిడ్డా! నా పంతానికి నిన్ను నేనే చంపుకుంటి!" అని గుండెలు బాదుకుంది.

"ఎవరమ్మా? ఏమైంది?"

చెట్లలోంచి ఇద్దరు వచ్చారు. బీడీలు చుట్టే తునికాకు కోతకు వచ్చిన మొగుడూ పెళ్లాలు, బొజ్జయ్య, ముత్తక్క. ముత్తక్క ఒక్క చూపులో అంతా అర్థం చేసుకుంది. ఆకుల మూట పక్కన పడేసింది. వాళ్ల గూడెం భాషలో మొగుడితో ఏదో అంది. అతను పోయి గట్టి కర్ర ఒకటి నరుక్కొచ్చాడు. ఆకులు కట్టే దుప్పటిని దానికి రెండువైపులా ముడివేసి, డోలి కట్టి, నాగలతను అందులో పడుకోబెట్టారు. బొజ్జయ్య ముందు, ముత్తక్క వెనక. కర్ర భుజాలకెత్తుకుని ఆటో ఉన్న రోడ్డువైపు నడక మొదలుపెట్టారు.

"మీ ఆకులు పాడైతయేమో..." అంది సునంద ఏడుస్తూ.

"అయితయ్," అంది ముత్తక్క. "ఏం జేస్తం? మా ఊర్ల ఎవరన్న నడవలేకపోతె గిట్లనే మోసుకొస్తం. పోయినేడు మా అత్తను మోసినం. నడవనోళ్లను అడవిల ఇడిసిపెట్టి పోతమా అమ్మా?"

ఆ మనిషి ఏ ఉద్దేశంతోనూ అనలేదు. ఊపిరి తిప్పుకుంటూ మామూలుగా అంది. కానీ ఆ మాటకు సునందకు నడిచే బాట కనిపించకుండా కళ్లు నిండిపోయాయి...

పాల్వంచ దవాఖానాలో నాగలత నుదుటికి ఆరు కుట్లు పడ్డాయి. ప్రాణానికేం భయం లేదన్నారు. కోటేష్ ఫోన్ చేస్తే ప్రేమ్‌సాగర్ బొగ్గుమసి బట్టలతోనే పరుగెత్తుకొచ్చాడు. మంచం మీది కూతురినీ, ఆ కట్టునూ చూసి సునంద మీద విరుచుకుపడ్డాడు.

"నేను భయపడ్డదే అయింది గదా! ఎవరు తీస్కపొమ్మన్నరు నిన్ను? ఎవరు పొమ్మన్నరు!"

"మీరు ఎత్తుకోనంటిరి గదా! బిడ్డ బరువైంది గదా మీకు!"

"బరువా?" అంటూ అతను మంచం పక్కన నేలమీద కూలబడ్డాడు. రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. "సునందా... తొమ్మిదేండ్ల కింద భద్రాచలం మెట్ల మీద కుర్చీ జారి, దీని తుంటి ఇరిగిందని చెప్పిన గద నీకు. నువ్వు కింద గోదావరి ఒడ్డున చిన్నదానితోని ఉన్నవ్. అది కుర్చీ కాదు... నేనే! ఎత్తుకొని ఎక్కుతుంటె నా కాలు జారింది. నా చేతుల్లకెళ్లే పడ్డది నా బిడ్డ! ఆ ఎముక ఇరిగిన చప్పుడు ఇంకా నా చెవుల్ల ఉంది. అప్పటిసంది దాన్ని ముట్టుకోబోతే చాలు, చేతులు వణుకుతయ్. ఆ కొండల మీద మళ్ల నా చేతుల్లకెళ్లి పడితే... ఇగ నేను బతకాల్నా?"

 తొమ్మిదేళ్లు! విసుగనుకుంది సునంద... ఇంత మంటను కడుపులో పెట్టుకుని తిరిగాడా ఈ మనిషి!

"నాన్నా..." అంది మంచం మీంచి నాగలత. "నేను గూడ... అమ్మకు చెప్పలే. నిన్ను... తిడతదని."

ప్రేమ్‌సాగర్ భోరున ఏడ్చాడు. ఆ పిల్ల కాసేపు ఆగి, మళ్లీ మాటలు కూడదీసుకుంది.

"ఇంకోటి... నాకు తెలుసు. నా పేరు... తీసేసిండ్రని."

"ఏందీ?"

"టూర్ ఆఫీసోళ్ల మెయిల్... నా ఫోన్‌కే వచ్చింది. రెండు వారాలైంది. అమ్మా... నిన్ను రోజూ అడిగింది అందుకే. ఒక్కసారన్న... నిజం చెప్తవేమోనని."

 అన్నం ముద్ద పెడుతున్నప్పుడూ, జడ వేస్తున్నప్పుడూ ఆ కళ్లు తనవైపు అలా ఎందుకు చూశాయో ఇప్పుడు తెలిసింది సునందకు. కూతురి పాదాల మీద తల పెట్టి, "క్షమించు బిడ్డా... క్షమించు..." అని వెక్కివెక్కి ఏడ్చింది.

"పర్లేదు... మీరే పోండ్రి అని... నేను అనను," అంది నాగలత. కళ్లవెంట నీళ్లు కారుతున్నా గొంతు మాత్రం గట్టిగానే ఉంది. "నాకు పోవాలనే ఉంది. అది... నేను రాసిన ప్లాన్."

 ప్రేమ్‌సాగర్ లేచి ముఖం కడుక్కున్నాడు. ఫోన్ తీసి అక్కకు చేశాడు.

"అక్కా, రేపు వీసాకు నేనూ, సునందా వస్తలేం. శ్రీనిజ మీతోని వస్తది, దాన్ని మంచిగ చూస్కోండ్రి... లేదక్కా, కోపం కాదు. మేం ముగ్గురం మల్ల పోతం... ఎప్పుడో తెల్వదు. పోతం."

ఇంటికి తీసుకుపోవచ్చన్నారు. కుర్చీ అడవిలోనే విరిగిపడి ఉంది. గేటు దగ్గర ఆటో, మధ్యలో మెట్లు. కాంపౌండరును పిలవబోయిన సునందను ప్రేమ్‌సాగర్ చేత్తో ఆపాడు. కూతురి మీదికి వంగాడు. వేళ్లు వణుకుతున్నాయి.

"ఎత్తుకోనా బిడ్డా?"

"ఒక చెయ్యి... మోకాళ్ల కింద. ఇంకోటి... చంకల కిందికెళ్లి. మెల్లగ."

ఎత్తుకున్నాడు! రెండు మెట్లు దిగాడు. మూడో మెట్టు మీద కాళ్లు తడబడి ఆగిపోయాడు. "నాతోని అయితలేదు బిడ్డా..." అన్నాడు ఊపిరాడనట్లు.

"అయితే... కూర్చో నాన్నా. కొంచెంసేపు కూర్చొని పోదం."

అతను కూతురిని ఒడిలో పెట్టుకుని, ఆ మెట్టు మీదే కూర్చుండిపోయాడు. వచ్చేపోయేవాళ్లు పక్కనుంచి తప్పుకుని పోతున్నారు. సునంద కింది మెట్టు మీద చతికిలబడి, వేలాడుతున్న నాగలత పాదాలను తన ఒళ్లోకి తీసుకుంది. ఆమెకు ఏడుపు ఆగలేదు. ఆపుకోవాలనీ అనిపించలేదు.