తొక్కు… పట్టు… ఇడువు

కర్మన్‌ఘాట్ వెనక గల్లీలోని ఆ రేకుల షెడ్డు పేరెత్తితే చాలు, దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాలో లాఠీలకు బెదరని మొనగాళ్ళు కూడా మాట మార్చేవాళ్ళు. ఎప్పుడో అక్కడ లారీ కింద పడుకుని పనిచేస్తున్నవాడి మీద, జాకీ జారి బండి కూర్చుందట. లారీ లేచింది గానీ… వాడు లేవలేదు. అప్పట్నించీ పొద్దుగూకాక ఆ షెడ్డులో బండి కింద దూరిన మగాడు లేడు.

అలాంటి షెడ్డున్న ఇంట్లో సంసారం పెట్టాడంటే, మహిపాల్‌ది గుండె కాదు — రోడ్డు రోలరు! ఒంటి చేత్తో గేరుబాక్సు దించేవాడు. చెవి ఆనించి ఇంజను జబ్బు చెప్పేవాడు. నల్లగొండ నుంచి పట్నం దాకా హారను కొట్టకుండా లారీ తోలినవాడు!

అంతటివాడి పరువు తీసింది తండ్రి నాటి పాత అంబాసిడర్. అరిగిపోయిన బ్రేకు వినాయక చవితి నాడు ఎంత తొక్కినా పట్టలేదు. ఎదురింటి వెంకట్రావు గేటు ఫెళ్ళున విరిగింది.

"కావాలనే గుద్దావ్! మేం ఆంధ్రావాళ్ళమనేగా?"

"గుద్దాలనుకుంటె గేటేంది, గోడే లేకుంట చేద్దును!"

ఆ రోజు నుంచి మాటల్లేవు. చూపుల్లో నిప్పులే.

అంతలో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చిపడింది. బస్సులు బంద్, ఆటోలు బంద్, మెకానిక్ షాపులూ బంద్. మహిపాల్ తల్లి అండాలమ్మకు మర్నాడు పొద్దున ఆరింటికి డయాలసిస్. అప్పటికే ఒకటి తప్పింది. కాళ్ళు ఉబ్బాయి, ఊపిరి ఆడటం లేదు. ఇంకోటి తప్పితే… డాక్టరు ఆ మాట పూర్తిచేయలేదు.

మహిపాల్ ఒక్క పగటిలో, తుక్కు కారు నుంచి విప్పి తెచ్చిన డిస్కు బ్రేకులు ముందు చక్రాలకు బిగించేశాడు. కొత్త సిలిండరు, కొత్త పైపులు — పదిమంది పది రోజులు చేసే పని! ఇక మిగిలింది పైపుల్లో గాలి తీయడం. బుడగ మిగిలిందా, బ్రేకు మెత్తగా దిగిపోతుంది… కారు ఆగదు.

దానికి మాత్రం ఇద్దరు కావాలి. ఒకరు సీట్లో కూర్చుని పెడలు తొక్కాలి. ఒకరు కింద దూరి, చక్రం దగ్గర నట్టు వదులుచేసి మళ్ళీ బిగించాలి. తొక్కేది ఎప్పుడూ భార్య యాదలక్ష్మే. ఆ సాయంత్రం ఆమె ఎల్బీనగర్ దీక్షా శిబిరానికి పోయింది. ఎనిమిదికి వస్తానంది. తొమ్మిదైంది… కరెంటు పోయింది.

మహిపాల్ షెడ్డులో కారు కింద దూరి, మెడ పక్కన చిన్న టార్చి ఇరికించుకుని, నట్టు వెతుకుతున్నాడు.

పైన కారు తలుపు కిర్రుమంది. సీటు స్ప్రింగులు మూలిగాయి.

"ఇప్పుడా వచ్చుడు? తొక్కు!" కిందనుంచే కసిరాడు.

పెడలు దిగింది. బదులు లేదు.

"పట్టు!… ఆఁ, ఇడువు!… మల్ల తొక్కు!"

ఏం తొక్కడమది! వెంట్రుకవాసి తేడా లేదు. ఆయిలు సీసాలోకి బుడగలు బుడబుడా దిగాయి. వెనక చక్రాలు రెండూ అయిపోయాయి. మధ్యలో స్ప్రింగులు మరోసారి మూలిగాయి.

"కుదురుగ కూసో! అలిగినవా? అలుగు. కాలు మటుకు ఆపకు."

ముందు ఎడమ చక్రమూ అయింది. అప్పుడు జేబులో ఫోను మోగింది.

"ఇగో, ఇంటున్నవా?" యాదలక్ష్మి గొంతు. "పోలీసోళ్ళు మమ్మల్ని ఠాణల కూసోబెట్టిన్రు. పొద్దుగాల ఇడుస్తరంట. అత్తమ్మ పైలం…"

చేతిలో పానా జారింది. పైన స్ప్రింగు… కదిలింది.

మోచేతుల మీద పాకి బయటపడి, టార్చి సీటు మీద కొట్టాడు.

వెంకట్రావు!

"నువ్వా? నన్ను సంపుదామని ఒచ్చినవా?"

"నోర్ముయ్! నీకోసం రాలేదు. పెద్దావిడ ఆయాసం మా వరండాలోకి వినబడుతోంది. నీతో మాట్లాడటం ఇష్టంలేక నోరుమూసుకు తొక్కా."

మహిపాల్ చెమట తుడుచుకున్నాడు. "మూడు చక్రాలు మంచిగనే తొక్కినవ్ గని…"

"మూడేంటి? ఈ ముందుది ఒక్కటేగా. నేనొచ్చేసరికి మీ ఆవిడ తొక్కుతోంది. చీకట్లో అటు జరిగి… నాకు చోటిచ్చింది."

"అది… ఠాణల ఉన్నది."

టార్చి వెలుగు మెల్లగా పక్కకు జరిగింది. సీటు ఎడమ సగం ఖాళీ. కానీ, ఎవరో కూర్చున్నట్టే… లోపలికి నొక్కుకుని ఉంది.

వెంకట్రావు ఒక్క దూకులో గేటు దగ్గర పడ్డాడు. "వచ్చెయ్ మహిపాల్! రేపు చూద్దాం!"

ఇంట్లోంచి అండాలమ్మ ఊపిరి వినిపించింది… లోతు బావిలోంచి ఒక్కో చుక్కా చేదుకుంటున్నట్టు.

రేపు లేదు. ఒక్క చక్రం మిగిలింది.

మహిపాల్ మళ్ళీ సీటు వైపు చూడలేదు. వీపు మీద పడుకుని కారు కిందికి జరిగాడు. పానా పట్టాడు. గుసగుసగా —

"తొక్కు…"

వెంకట్రావు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు.

స్ప్రింగులు మూలిగాయి. పెడలు దిగింది… దిగి, తర్వాతి మాట కోసం ఆగింది.