ఏడో గుండుకూ ఎనిమిదో గుండుకూ మధ్య

డ్యూయీ రస్క్‌ను చంపడానికి వచ్చినవాళ్లు ఎనిమిది సార్లు కాల్చారు. ఏడు గుండ్లు గోడలకు తగిలాయి. ఎనిమిదోది డ్యూయీకి తగిలింది.

సాన్ ఆంటోనియో ఆఫీసులో వెల్మా స్టెగాల్ ఆ ఫొటోలను బల్ల మీద పరిచింది. అరవై రెండేళ్ల మనిషి, ఆ విభాగానికి పెద్ద. ఎదురుగా కూర్చున్న ఓరిన్ టాకెట్ ఏజెంటు, ఆయుధాలను పరీక్షించడంలో అందెవేసిన చెయ్యి. పోయిన డ్యూయీ పదిహేనేళ్లుగా అతని జతగాడు.

“ఖాళీ తూటాలు చూడు నాయనా. గదంతా చెదరాల్సినవి కాళ్ల దగ్గర కుప్పపడ్డాయి.”

“బుల్‌పప్,” అన్నాడు ఓరిన్. “యంత్రమంతా ట్రిగ్గర్‌కు వెనకాల ఉంటుంది. అందుకే తుపాకీ పొట్టి. తూటా నేరుగా కిందికి రాలుతుంది.”

“పంపు షాట్‌గన్. ఇంకా దుకాణాల్లోకే రాలేదు. ఆరు నమూనాలు చేస్తే రెండు మాయం. ‘నార్తర్’ ముఠా కొట్టేసింది.” వెల్మా బల్ల కింది నుంచి ఒక తుపాకీ తీసి పెట్టింది. “ఇది మూడోది. ఇంటి కాపలాకు పనికొస్తుందో లేదో తేల్చు. పనికొస్తే మన పెద్దాయన ఇంట్లోనే పెడదాం.”

పెద్దాయన అంటే పావ్లే. నార్తర్ నుంచి పారిపోయి వచ్చిన ఇంజనీరు. ఈ దేశంలో ఆ ముఠా మనుషులెవరో మొత్తం పేర్లు అతని తలలో తప్ప ఎక్కడా లేవు. పేర్లే తప్ప మొహాలు ఎరగడు. అప్పటిదాకా డ్యూయీ ఇంట్లోనే దాక్కుని ఉన్నా, డ్యూయీ చనిపోయిన రోజు పన్ను పీకించుకోవడానికి వెళ్లి బతికిపోయాడు. ఇప్పుడు కెర్‌విల్ దగ్గర ఒక పశువుల రాంచ్‌లో దాచారు. శుక్రవారం కోర్టులో ఆ పేర్లు చెప్పాలి.

వెల్మా ఒక మీట నొక్కింది. డ్యూయీ గుమ్మం కెమెరాకు చిక్కింది శబ్దం ఒక్కటే. వరసగా ఏడు పేలుళ్లు, చిన్న విరామం, ఎనిమిదోది.

“ఆ విరామం ఒకటింబావు సెకను కూడా లేదు. ఒకటీ పాయింట్ ఒకటి. దీనికి తూటాలు నింపే గొట్టాలు రెండు. మొదటి గొట్టం ఖాళీ కాగానే రెండో గొట్టానికి మార్చారు. ఈ తుపాకీతోనే నెలల తరబడి తర్ఫీదైన చెయ్యి అది.” ఫొటోలు సర్దేస్తూ అడిగింది. “అవునూ, ఆ పిల్లకు ఉంగరం ఇచ్చావా?”

“ఇంకా లేదు మేడమ్. బండేరాలో ఇల్లు చూశాం. రెండుసార్లు.”

“ఉంగరం లేదు గానీ ఇల్లు మాత్రం చూశారా? బాగుందయ్యా వరస!”

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఓరిన్ సంగతి అచ్చం అంతే. నలభై ఆరేళ్లకు మొదటిసారి మనసు పడ్డాడు మరి. తొందర ఉండదా!

*

రాంచ్ గుమ్మం దగ్గర సంకేతం చెప్పాలి.

“పీకాన్ కాయలు ఒలిచారా?” అన్నాడు ఓరిన్.

“సగమే. మిగతా సగం నువ్వు ఒలువు,” అంటూ తలుపు తీసింది కోరిన్ వాచెక్. ఓరిన్ మనసు పడిన పిల్ల. పావ్లేకు దుబాసీ ఆమే, వంటా ఆమే. పిండి పిసుకుతున్నా పెదవులకు ఎర్రరంగు, మెడలో పట్టు రుమాలు. హాలెట్స్‌విల్ రైతుబిడ్డనని చెప్పుకుంది. డ్యూయీ అంత్యక్రియలకు రెండు పళ్లేల తీపి కొలాచీ బన్నులు చేసి తెచ్చి, అతని భార్య పక్కన కూర్చుని ఏడ్చింది కూడా.

మంగళవారమంతా ఓరిన్ తుపాకీతోనే గడిపాడు. ఇరుకు నడవాలో మూల తిరిగితే తుపాకీ మూతి ముందుకు పొడుచుకు రాలేదు. పెరట్లో ఇంటి గోడలకు వాడే జిప్సం పలకలు నిలబెట్టి కాల్చాడు. గుండ్లు నాలుగు గోడలు దాటిపోయాయి. పక్కగదిలో ఎవరు పడుకున్నారో తెలియకుండా పేల్చరాదని రాసుకున్నాడు. చిన్న లీవరు ఒకటుంది. ఎడమకు తిప్పితే ఎడమ గొట్టంలోని ఏడు తూటాలు, కుడికి తిప్పితే కుడి ఏడు. నడిమికి పెడితే రెండూ మూతపడతాయి. చూసుకుని మార్చడానికి అతనికే మూడు సెకన్లు పట్టింది.

బుధవారం కోరిన్‌ను పిలిచాడు. ఇంట్లో ఉంచే తుపాకీ ఎన్నడూ తుపాకీ పట్టని చేతిలోనూ పనిచేయాలి.

“నేనా? మా నాన్న జింకల రైఫిల్‌నే ముట్టుకోనిచ్చేవాడు కాదు!”

“ఇలా లాగు, ఇలా తొయ్యి, నొక్కు. అంతే.” లీవరు సంగతి ఆమెకు చెప్పలేదు. ఖాళీ అయినప్పుడు కొత్తవాళ్లు ఏం చేస్తారో అదే చూడాలనుకున్నాడు. నడుముకున్న టైమరు నొక్కాడు. పేలుడుకూ పేలుడుకూ మధ్య కాలాన్ని అది లెక్కగడుతుంది.

ఆమె మొదటి గుండుకే కెవ్వుమంది. రెండోసారి పంపు సగమే లాగి ఇరికించింది. ఓరిన్ నవ్వుతూ సరిచేశాడు. మూడు, నాలుగు, అయిదు. ఉత్సాహం వచ్చింది. ఆరు. ఏడు. ఆమె వేలు తనంతట తానే కదిలింది. చూడలేదు, తడుముకోలేదు. లీవరు ఇటు నుంచి అటు తిరిగింది, పంపు ఆడింది. ఎనిమిది.

“బాగా కొట్టానా?”

“చాలా బాగా.”

ఓరిన్ టైమరు చూశాడు. ఒకటీ పాయింట్ ఒకటి.

ఆ సాయంత్రం ఆమె వేసిన చికెన్ తింటూ పాత తేదీలు లెక్కపెట్టాడు. డ్యూయీ పోయిన రోజు ఆమె సెలవు. అమ్మను చూడ్డానికి వెళ్లానంది. వెల్మాకు ఫోన్ చేయాలి. మూడుసార్లు తీశాడు, మూడుసార్లు పెట్టేశాడు. చెయ్యి అలవాటుపడి ఉండొచ్చు, అదృష్టం కావచ్చు అని తనకు తానే వకీలై వాదించుకున్నాడు. వకీలు ఓడిపోతున్నాడని అతనికి తెలుసు. గుండె ఒప్పుకోలేదు.

*

శుక్రవారం ఉదయం ఎనిమిదిన్నర. తొమ్మిదింటికి కారు వస్తుంది. షాట్‌గన్ వంటింటి గోడకు వేలాడుతోంది, రెండు గొట్టాలూ నింపి ఉంది. ఓరిన్ చేసిందల్లా లీవరును నడిమికి జరపడమే. జరిపి, సామాన్ల గదిలో తలుపు వారగా నిలబడ్డాడు. ఆమె దాన్ని ముట్టుకోకపోతే టైమరును బావిలో పారేసి, నేరుగా ఉంగరం కొనడానికి వెళ్తాడు. దేవుణ్ణి అంతకంటే ఏమీ అడగలేదు.

పావ్లే మెత్తటి బిస్కెట్ రొట్టెల మీద తెల్ల గ్రేవీ పోసుకుంటున్నాడు.

“ఇంకాస్త వెయ్యనా పెద్దాయనా?” అంది కోరిన్ ముద్దుగా. అంటూనే గోడ మీది తుపాకీ అందుకుంది. పంపు లాగి తోసింది. నొక్కింది.

టక్. అంతే.

పావ్లే చేతిలోని గరిటె జారింది. ఆమె వేలు లీవరు మీదికి వెళ్లింది. ఓరిన్ దగ్గర సెకనూ, దానిపైన పదో వంతూ ఉన్నాయి. మూడే అంగలు. లీవరు తిరిగింది గానీ పంపు కదలలేదు. దాన్ని అతని చెయ్యి పట్టుకుని ఉంది. రెండో చేతిలోని రివాల్వరు ఆమె పక్కటెముకలకు ఆనింది.

“ఎప్పటినుంచి తెలుసు?”

“బుధవారం. ఏడోదానికీ ఎనిమిదోదానికీ మధ్య.”

“మరి తూటాలు తీసెయ్యలేదేం? పిచ్చా నీకు?”

“తీస్తే నువ్వేనని ఒప్పుకున్నట్టే కదా.”

ఆమె తుపాకీ వదిలేసింది.

“ఆ రోజు డ్యూయీ దగ్గర నువ్వు లేవని రూఢి చేసుకునే వెళ్లాను. నమ్ముతావో లేదో. ఇంకోటి ఓరిన్... బండేరా ఇల్లు నాకు నిజంగానే నచ్చింది. వంటింటి కిటికీకి పరదా కొలత కూడా తీసుకున్నా.”

నమ్మాడు. అదే అతన్ని నరికేసింది. అంతా నాటకమని ఆమె నవ్వి ఉంటే, ద్వేషించి బతికేవాడు.

పది గంటలకు పావ్లే కోర్టులో పంతొమ్మిది పేర్లు చెప్పాడు. పొద్దుగూకేలోగా పంతొమ్మిది మందీ దొరికారు. అందులో కోరిన్ అసలు పేరు పదకొండోది. ఆ పేరును ఓరిన్ రెండోసారి వినదలచుకోలేదు.

మొదట వెల్మా అతన్ని కడిగిపారేసింది. “నిండిన తుపాకీని గోడకు వదిలేస్తావా? పెద్దాయన పోయుంటే నీ ప్రేమను ఏ ఫైల్లో పెట్టుకోను?” తర్వాత లేచి వచ్చి, కాఫీ అతని ముందు పెట్టి, భుజం మీద చెయ్యి వేసింది. చాలాసేపు తియ్యలేదు.

“పోనీలే నాయనా. పై ఆఫీసు అడుగుతోంది. ఏమని రాయను? ఆ తుపాకీని ఇంట్లో పెట్టుకోవచ్చా?”

“భేషుగ్గా పెట్టుకోవచ్చు మేడమ్,” అన్నాడు ఓరిన్. “ఇల్లుంటే.”