కరెంటు తియ్యను సార్!

నందిగామ బస్టాండులో పల్లీలు అమ్ముతున్న రత్తయ్య, టీ గ్లాసు సగంలోనే వదిలేసి కుప్పకూలాడు. టైమ్ ఉదయం పదీ నలభై.

గుంపులోంచి ఒకావిడ దూసుకొచ్చి అతని తల ఒళ్ళో పెట్టుకుంది. జరీ అంచు నేతచీర, చేతిలో మిర్చి శాంపిల్ సంచి. జనానికి ఆమె బేరానికొచ్చిన షావుకారు ఇల్లాలు. రత్తయ్యకి మాత్రం సీక్రెట్ ఏజెంట్ బాలామణి. ఆరేళ్ళుగా అతను ఆమెకి ఇన్‌ఫార్మర్.

"టీలో కలిపారమ్మా..." నురగ కక్కుతూ అన్నాడు. "పేట బైపాస్‌లో కోల్డ్ స్టోరేజ్... అంతా ఆఫీసు కంప్యూటర్లో ఉంది. పన్నెండింటికి పేలుద్ది..."

"ఎక్కడ పేలుద్ది రత్తయ్యా?"

అతని కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. జవాబు రాలేదు. బాలామణి వాటిని మూసి లేచింది. ఏడవడానికి టైమ్ లేదు.

చెవిలోని ఇయర్‌పీస్‌లో చీఫ్ వరప్రసాదరావు గొంతు ఖంగుమంది. "అది వైపర్ ముఠా పని. విదేశీ గ్యాంగ్. టెక్నికల్ ఆఫీసర్ చందన జగ్గయ్యపేటలోనే ఉంది, ముందు తను వెళ్తుంది. బాంబ్ స్క్వాడ్ ఇన్‌స్పెక్టర్ వెంకట్ జీపుతో రెడీ. చోటు తెలియడమే తరువాయి."

"వెళ్తున్నా సార్."

పదకొండూ ఇరవైకి ఆమె కారు కోల్డ్ స్టోరేజ్ ముందు కీచుమంటూ ఆగింది. ముఠావాళ్ళు ఎప్పుడో పారిపోయారు. ఆఫీసు గదిలో కంప్యూటర్ ముందు చందన కూర్చుని ఉంది. హెడ్ ఆఫీసు మొత్తం తలతిప్పి చూసే అందం. ఎర్ర లిప్‌స్టిక్, తల మీదికి తోసిన నల్ల కళ్ళద్దాలు.

"లేటయింది మేడమ్," అంది చందన. "ఫైల్ డిలీట్ చేసి, డిస్క్‌లో అది ఉన్న చోటు కూడా తుడిచేశారు. ఆఫ్ చేసి ల్యాబ్‌కి పంపుదాం."

చీఫ్ కూడా అదే అన్నాడు. "స్విచాఫ్ చేసి తీసుకురండి. దటీజ్ యాన్ ఆర్డర్."

బాలామణి స్క్రీన్ వైపు చూసింది. చివరగా తెరిచిన ఫైళ్ళ లిస్టులో ఆ డిలీట్ చేసిన ఫైల్ పేరు ఇంకా కనబడింది. పది గంటలకి ఎవరో దాన్ని తెరిచి చదివారు.

"ఆఫ్ చెయ్యను సార్."

"వాట్?"

"డిస్క్ అంటే వెనకాల గోడౌన్ సార్. స్లో. అందుకే ఆపరేటింగ్ సిస్టమ్ ఒకసారి చదివిన ఫైల్‌ని ర్యామ్‌లో అట్టిపెట్టుకుంటది, మళ్ళీ అడిగితే వెంటనే ఇవ్వడానికి. శెట్టిగారు నడిచే సరుకు కొట్టు ముందే పెట్టుకుంటారు చూడండి, అట్టా. దాన్నే క్యాషింగ్ అంటారు. ఫైల్ డిలీట్ చేసినా ర్యామ్‌లో ఆ చోటు ఖాళీ అని గుర్తు వేస్తుందంతే. ఇంకేదైనా దాని మీద పడేదాకా పాత రాత అట్టాగే ఉంటది. కరెంటు పోతే మాత్రం అంతా మాయం."

"నీ థియరీ తప్పయితే?"

"నా ఉద్యోగం తీసెయ్యండి సార్. నేను మాత్రం కరెంటు తియ్యను."

ఇటు మౌస్ టక్కుటక్కుమంటోంది. చందన వరుసగా సీసీ కెమెరా వీడియోలు తెరుస్తోంది. ఒకటి, రెండు, ఐదు. అన్నీ పెద్ద పెద్దవే.

"వీడియోలెందుకు చందనా?"

"క్లూ కోసం మేడమ్."

"నువ్వు తెరిచే ప్రతి వీడియో ర్యామ్‌లోకి వచ్చి పాతదాని మీద కూర్చుంటది. ఆ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు."

చందన నవ్వింది. మరుక్షణం ఆమె చేతిలో పిస్టల్ మెరిసింది. "తెలివైనవారే. వైపర్ వాళ్ళకి చెప్పాను, మీ ఒక్కరితోనే ప్రాబ్లమ్ అని."

గురి తప్పించకుండానే వెనక్కి జరిగి, గోడకున్న మెయిన్ స్విచ్ కిందికి లాగింది. ఏసీ మిషన్ల హోరు ఆగిపోయింది. లైట్లు ఆరిపోయాయి.

స్క్రీన్ మాత్రం వెలుగుతూనే ఉంది. టేబుల్ కింద యూపీఎస్ బీప్ బీప్‌మంది.

చందన చూపు ఒక్క క్షణం కిందికి దిగింది. ఆ క్షణం చాలు. సంచి విసురుగా ఆమె ముఖాన తగిలింది. ఎండుమిరపకాయలు కళ్ళల్లో చిట్లాయి. పేలిన గుండు సీలింగ్‌లోకి దూసుకుపోయింది. మణికట్టు మెలితిప్పి పిస్టల్ లాక్కుని, ఆమెని కిటికీ ఊచకి సంకెళ్ళతో బిగించింది బాలామణి.

"రత్తయ్య టీలో కలిపించింది ఎవరు? నువ్వేనా?"

చందన తల తిప్పుకుంది. అదే జవాబు.

బాలామణి నడుముకున్న కుంకుమ భరిణె తీసి మూత తిప్పింది. లోపల యూఎస్‌బీ పిన్ను. కంప్యూటర్‌కి గుచ్చగానే ర్యామ్‌లో ఉన్నదంతా భరిణెలోకి కాపీ అవసాగింది. యాభై శాతం. ఎనభై. యూపీఎస్ బీప్‌ల వేగం పెరిగింది. నూరు! స్క్రీన్ నల్లబడింది.

కారులో ఉన్న తన ల్యాప్‌టాప్‌కి భరిణె తగిలించి వెతికింది. చెత్త అక్షరాల మధ్య మూడు లైన్లు బతికున్నాయి.

"వెంకట్! వేదాద్రి. నది మెట్ల దగ్గర ఐస్‌క్రీమ్ వ్యాన్. వెళ్ళు!"

పదకొండూ యాభై ఎనిమిదికి వెంకట్ గొంతు రొప్పుతూ వినబడింది. "జనాన్ని పైకి తోలేసామండీ. బాంబు దొరికింది. కోడ్ అడుగుతోంది. తప్పు కొడితే వెంటనే పేలుద్ది!"

"ఏడు, నాలుగు, సున్నా, తొమ్మిది..." చివరి రెండు అంకెల చోట చందన తెరిచిన వీడియో తాలూకు పిచ్చి గుర్తులు! ఫైల్‌ని తెరిచి చూపిన ప్రోగ్రామ్ దగ్గర ఇంకో కాపీ మిగిలుందేమో? గబగబా కిందికి జరిపింది. దొరికింది. "ఒకటి, ఆరు! కొట్టు!"

అవతల బటన్లు నొక్కిన చప్పుడు.

"ఆగిందండీ," అన్నాడు వెంకట్. "ఒక్క సెకండు మిగిలింది."

బాలామణి స్టీరింగ్ మీద తల ఆనించింది. రత్తయ్య ఇంటికి తనే వెళ్ళి చెప్పాలి. ఇంకెవరినీ వెళ్ళనివ్వదు.

చీఫ్ గొంతు సవరించుకున్నాడు. "గుడ్ వర్క్. అయినా ఆర్డర్ ధిక్కరించావు. నీకు మెమో టైప్ చేస్తున్నా."

"చెయ్యండి సార్. మనసు మారి డిలీట్ చేసినా ఫర్వాలేదు, నేను చదువుకోగలను."