తంగేడు మీద ఎర్ర లైటు

తోటపని చేసే మిషన్ ‘మాలి’ ఇనప చెయ్యి తంగేడు పొద మీదికి సాగి, ఎర్ర లైటు వేసి ఆగింది. దాన్ని తయారుచేసిన శాస్త్రవేత్త వీరభద్రం పక్కనే చేతులు కట్టుకుని, కన్నబిడ్డని చూసుకున్నట్టు మురిసిపోతున్నాడు.

“సోమవారం పీకేస్తుందమ్మా.”

“ఏం పాపం చేసింది సార్?” అంది రవళి. కొండని పగలగొట్టి ఈ కాలనీ కట్టినప్పుడు, రాళ్ళ మధ్య దొరికిన గింజతో ఆమె పెంచిన పొద అది. వచ్చే వారమే బతుకమ్మ. కాలనీ మొత్తంలో తంగేడు పువ్వున్నది ఈ ఒక్క ఇంట్లోనే.

వీరభద్రం ఓపిగ్గా వివరించాడు. నగరంలో నీళ్ళకి కరువు. చూసేవాళ్ళు లేని మొక్కకి నీళ్ళు దండగ. అందుకే మాలి కెమెరాలు దారినపోయేవాళ్ళ కళ్ళని కనిపెట్టి ఉంటాయి. ఏ మొక్క ముందు ఎంతసేపు నిలబడ్డారో లెక్కగడతాయి. ఎవరూ నిలబడని మొక్కని మాలి పీకేస్తుంది.

“ఇది నీళ్ళే అడగదు కద సార్.”

“రూల్ రూలే.”

“సరే. నిలబడ్డోళ్ళు మెచ్చుకుంటున్నరా, తిట్టుకుంటున్నరా, అది చూస్తదా?”

“చూపు చూపేనమ్మా. మిషన్‌కి అభిప్రాయాలుండవు,” అన్నాడాయన గర్వంగా.

రవళి బుద్ధిగా తలూపింది. ఆమె బుద్ధిగా తలూపితే ఇంట్లోవాళ్ళకి గుండె దడ. పాపం, వీరభద్రానికి ఆ సంగతి తెలీదు.

తెల్లారేసరికి తంగేడు కొమ్మలు గోడ దాటి రోడ్డు మీదికి వంగి ఉన్నాయి, తాళ్ళతో కట్టి మరీ. కింద వరసగా ఉత్తరేణి కుండీలు. వాటి గింజలు వాకింగ్‌కొచ్చిన ప్రతి ప్యాంటునీ పట్టుకున్నాయి. కాలనీ అంతా గేటు ముందు చేరింది.

“ఇది ఇల్లా, అడవా?”

“అడవే అంకుల్. కూర్చోండి, చాయ్ తాగి తిట్టండి.”

కుర్చీలేసింది. తిట్లు చల్లారుతున్నాయనిపించినప్పుడల్లా, “ఒక్క కొమ్మ గూడ కొట్టనియ్య,” అని మళ్ళీ అంటించింది. జనం పొద వైపు వేళ్ళు చూపించి చూపించి అరిచారు. వీరభద్రం కూడా రెండు పూటలా వచ్చి అరిచాడు.

సోమవారం మాలి వచ్చి తంగేడుకి పచ్చ లైటు వేసింది. పక్క వీధిలోకి తిరిగి, వీరభద్రం ఇంటి ముందున్న విదేశీ లాన్‌ని చాప చుట్టినట్టు చుట్టేసింది. ఆ లాన్ వైపు ఆయన కూడా చూస్తే ఒట్టు. ఆయన కళ్ళు కూడా ఇక్కడే ఉన్నాయి మరి.

సాయంత్రం ఆయన రవళి గేటు ముందు నిలబడ్డాడు. “మా గులాబీలకి కూడా ఎర్ర లైటు పడిందమ్మా,” అని గొంతు తగ్గించాడు. “నువ్వోసారి మా ఇంటి ముందుకొచ్చి... కాస్త గట్టిగా తిట్టిపోతావా?”

“ఉత్తగ తిట్టమంటే ఎట్ల తిడత సార్? తంగేడు నాటుకోండి. బతుకమ్మ పూల కోసం కాలనీ అంతా పిలవకున్నా వస్తది.”