ముక్కుకు కట్టిన దారం

చేపపిల్లలను పెంచే చోట నీటికాకిని ఇష్టపడే మనిషి ఉండడు. అలాంటి ఒక హేచరీకి నేను ఇరవై రెండేళ్లు అధికారిగా పనిచేశాను. ఆ పక్షి మీద నాకు కోపం కన్నా అసహ్యమే ఎక్కువ. గొంతు పట్టినంత మింగుతుంది. రెక్కలు చాపి ఆరబెట్టుకుంటూ కూర్చున్న చోటనే రెట్ట వేస్తుంది. బెదిరిస్తే, బరువు తగ్గించుకుని ఎగరడం కోసం మింగినదంతా కక్కేస్తుంది. ఆ కక్కులో సగం అరిగిన చేపపిల్లలుంటాయి. ఒళ్లు కరిగిపోయినా కళ్లు మాత్రం చెక్కుచెదరకుండా మనవైపే చూస్తుంటాయి.

ఈ ఏడు అవి మా తొట్ల మీదికి గుంపులుగా దిగాయి. వలలు కప్పితే అంచుల కింద దూరాయి. మెరిసే రిబ్బన్లకు వారంలో అలవాటుపడ్డాయి. రేకు డబ్బాలు వాయిస్తే, మోత ఆగేదాకా అవతలి గట్టున ఓపికగా కూర్చునేవి. ఇక మిగిలిన ఉపాయం ఒక్కటే: చచ్చిన పక్షిని తొట్టి మీద తలకిందులుగా వేలాడదీయడం. తమ జాతి శవం కనబడిన చోట అవి దిగవు.

అక్కడి కాపలాదారు నా బావమరిది, నా భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. ఏ పనిలోనూ కుదురుకోని అతణ్ణి నేనే తెచ్చి అక్కడ పెట్టాను. "వాడి మంచీచెడ్డా ఇక మీదే" అని నా భార్య ఒక్కసారే అంది. రెండోసారి అనిపించుకునే అలవాటు నాకు లేదు.

ఒక ఉదయం వలలో చిక్కిన నీటికాకిని అతడు చంకలో ఇరికించుకుని తెచ్చాడు.

"బావగారూ, వీడి పొట్ట చూడండి! విందుకెళ్లొచ్చిన మీ పెద్దన్నయ్యగారిలా లేడూ?"

నేను నవ్వలేదు. చూద్దామని వంగానో లేదో, అది నా మీద కక్కింది. వెచ్చగా, జిగటగా, మెడ నుంచి నడుము దాకా జారింది. చొక్కా జేబులో ఒక పిల్ల ఇంకా తోక కొట్టుకుంటోంది.

వెంటనే చంపమని చెప్పవలసింది. చెప్పలేదు. వలలు కుట్టే నైలాన్ దారం తీసుకుని దాని ముక్కును నా చేతులతోనే బిగించి కట్టాను.

"అయ్యో, ఆగండి బావగారూ. మెడ తిప్పేస్తాను, ఒక్క క్షణంలో పోతుంది. ఇలాగైతే కక్కలేక, మింగలేక చస్తుంది."

"చావనీ. తొట్లో కక్కకుండా ఉంటే చాలు. కాళ్లకు తాడేసి తొట్టి మీది కర్రకు వేలాడదియ్యి."

అతడు నా ముఖంలోకి ఒకసారి చూసి, తల దించుకుని, చెప్పినట్టే చేశాడు. సాయంత్రానికి గాని అది కదలడం మానలేదు.

పది రోజులు ఒక్క పక్షీ దిగలేదు. నాకు తృప్తిగానే ఉండింది.

అయితే శవం ఎండలేదు. ఆ ఎండకు వడిలి, తేలికై, గాలికి ఊగవలసినది లావెక్కసాగింది. దాన్ని కట్టిన కర్ర రోజురోజుకూ నీళ్లవైపు వంగింది. తొట్టిలో పిల్లలు పలచబడ్డాయి. పక్షి వాలలేదు, రోగం సోకలేదు, ఒక్క పిల్లా చచ్చి తేలలేదు.

ఆ రోజుల్లోనే బావమరిది తిండి మానేశాడు. కంచం ముందు కూర్చునేవాడు గాని పెదవులు విప్పేవాడు కాదు. అయినా పొట్ట ఉబ్బింది. చొక్కా గుండీలు పట్టలేదు. వైద్యుడు నొక్కి చూసి, వాయువని చెప్పి మందు రాశాడు. ఆ మందుకైనా నోరు తెరవలేదు.

"అక్కడ వాణ్ణి ఏం చేశారు మీరు?" నా భార్య అడిగింది.

"నేనేం చేస్తాను?" అన్నాను.

"తిండి చూస్తే ప్రాణం లేచొచ్చే మనిషండీ వాడు. నాకు భయంగా ఉంది. వాణ్ణి ఇంటికి తీసుకొచ్చెయ్యండి."

పదకొండో రోజు సాయంత్రం అందుకే వెళ్లాను. ముసురు పట్టి పొద్దుండగానే చీకటి కమ్మింది. కరెంటు లేదు. కాపలా గది తొట్టి పక్కనే. లోపల తడి సిమెంటు వాసన, చేపల మేత వాసన, వాటి అడుగున మరొక కంపు... పుల్లగా, వెచ్చగా. రేకుల మీద వాన పలచబడినప్పుడల్లా ఒక చప్పుడు. నానిన గుడ్డలను ఎవరో తీరిగ్గా పిసుకుతున్నట్టు.

అతడు మంచం మీద కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకున్నాడు.

"ఏమిటా చప్పుడు?" అన్నాను.

అతడి పెదవులు కదలలేదు. బిగిసిన పళ్ల సందుల్లోంచి మాట వచ్చింది.

"బావా... లోపల ఈదుతున్నాయి."

అంతవరకూ నన్ను అతడు 'గారు' లేకుండా 'బావా' అని పిలిచి ఎరగడు. దగ్గరకు వెళ్లి పొట్ట మీద అరచెయ్యి ఆనించాను. తొట్టి మీద మనిషి నీడ పడితే పిల్లలన్నీ ఒక్కసారిగా ఎలా తిరుగుతాయో, చర్మం కింద అలా తిరిగాయి. నా చేతికి దూరంగా...

చెయ్యి లాక్కున్నాను. వాంతిని బలవంతాన దిగమింగాను.

"ఎలా చేరాయి?"

"తెలీదు... లేచేసరికి నిండుగా ఉంటోంది. కక్కలేకపోతున్నా బావా. విప్పు..."

"ఏం విప్పను?"

అతడు కిటికీలోంచి కర్రవైపు చూశాడు.

కత్తి తీసుకుని బయటికి వెళ్లాను. శవానికి కళ్లు లేవు. మెడ నా ముంజేయంత లావైంది. దారం ముక్కులోకి దిగిపోయింది. కోయాలంటే ముఖం దగ్గరగా పెట్టక తప్పదు. ఊపిరి బిగబట్టాను. కోశాను.

ముక్కు తెరుచుకుంది.

బతికున్న పిల్లలు. పసుపుపచ్చని జిగురులో మెలికలు తిరుగుతూ నా చేతుల మీద పడ్డాయి. చొక్కా చేతుల్లోకి దూరాయి. ఆగలేదు. బకెట్టెడు... రెండు బకెట్లు... ఇంకా. ఒక పక్షి కడుపు ఎంతని? వెనక గదిలో అతడు కక్కుతున్న చప్పుడు. పక్షి ఆగితే అతడూ ఆగాడు. పక్షి మొదలుపెడితే అతడూ...

ఆ తర్వాత వాన చప్పుడే మిగిలింది.

లోపలికి పరుగెత్తాను. అతడు నేల మీద వెల్లకిలా పడి ఉన్నాడు. ఊపిరి ఆడుతోంది. పొట్ట చదునుగా ఉంది. నేల పొడిగా ఉంది.

ఆ రాత్రే ఇంటికి తీసుకువచ్చాను. మర్నాడు అక్క ముందు పెరుగన్నం రెండు ముద్దలు తిన్నాడు. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని, "గండం గడిచిందండీ" అంది. నెల తిరిగేసరికి బుగ్గలు నిండాయి. నేను ఆ ఉద్యోగానికి రాజీనామా చేశాను.

మా ఇంటి చుట్టుపక్కల చెరువు గాని, కాలువ గాని లేదు. నిన్న తెల్లవారుతుండగా పెరట్లోకి వెళితే, అతడి గది కిటికీ కింద నీటికాకులు బారులు తీరి ఉన్నాయి. రెక్కలు ముడుచుకుని, చప్పుడు లేకుండా. ఒక్కొక్కటే ఎగిరి కిటికీ గట్టు మీద వాలి, ఊచల మధ్య నుంచి తల లోపలికి పెట్టి, మెడను మెలితిప్పి కక్కి, తరువాతిదానికి చోటిచ్చింది.

అవి వెళ్లిపోయాక కడిగేద్దామని బకెట్టు తెచ్చాను. గట్టు తడిగా ఉంది. శుభ్రంగా ఉంది. ఒక్క పొలుసు కూడా లేదు.

వంటింట్లోకి వెళ్లి నా భార్యను అడిగాను, కిటికీ నువ్వు కడిగావా అని.

ఆమె వింతగా చూసింది.

"నేనా? నెలరోజులుగా రోజూ పొద్దున్నే తడిగా ఉంటుంటే మీరే కడుగుతున్నారనుకున్నానే!"